ముక్కలకు బదులు మడుగు

ఆఫీసులో ఆమెను అందరూ ముక్కలమ్మ అనేవారు. ఊరంతా చెల్లాచెదురుగా పడివున్న ప్రభుత్వ స్థలాల ముక్కలన్నీ ఆమె చేతి కింద ఉండడంతో వచ్చిన పేరు అది. బస్సు డిపో వెనక మూడు మూలల ముక్క. పాత కాలువ గట్టు వెంట తాడులా సాగిన సన్నటి పట్టీ. మూతపడ్డ బడి స్థలం. పశువధశాల గోడను ఆనుకుని ఎవరికీ అక్కర్లేని నేల చెక్క. రోడ్డు వేసినప్పుడు మిగిలినవి కొన్ని, రైలు దారి మళ్లించినప్పుడు వదిలేసినవి కొన్ని. వాటితో ఏమీ చేయలేరు, అలాగని వదులుకోనూ లేరు. కంచె వేయించడం, ఆ కంచె మాయమైతే మళ్లీ వేయించడం, ఆక్రమించినవాళ్లతో గొంతు చించుకోవడం, ఇదీ ముక్కలమ్మ ఉద్యోగం.

ఆ ఉద్యోగంలో ఆమె చూసిన రోత అంతా ఇంతా కాదు. కోడి పేగులతో ఉబ్బిన సంచులు, వాడిపారేసిన సూదులు, ముడిచిన డైపర్లు, వాన నీళ్లు పీల్చి దున్నపోతంత బరువెక్కిన పరుపులు. ఒకసారి డిపో వెనక ముక్కలో ఆమె నిలబడి ఉండగానే ఒకాయన కారు ఆపాడు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, చేతికి మంచి గడియారం. డిక్కీ తెరిచి, కారుతున్న సంచిని రెండు వేళ్లతో పట్టుకుని కంచె అవతలికి గిరాటేశాడు.

"ఏమండీ, ఇది ప్రభుత్వ స్థలం," అంది ముక్కలమ్మ.

"అందుకే కదండీ ఇక్కడ వేస్తున్నాను," అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ.

ఆయన మొహంలో దొంగతనం చేసినవాడి బెదురు ఏమాత్రం లేదు. ఆ మాట ఆమెకు చాలాకాలం చెవిలో జోరీగలా తిరిగింది. అందరిదీ అంటే ఎవరిదీ కాదనీ, ఎవరిదీ కానిది చెత్తకుండీ అనీ ఇంతమంది ఎలా తీర్మానించుకున్నారో ఆమెకు అంతుబట్టేది కాదు. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు బయటే వదిలి, నేరుగా స్నానాల గదిలోకి వెళ్లి, ఒళ్లు అరగదీసి స్నానం చేసేది. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఆమె, తల్లి, రెండే ప్రాణాలు. తల్లి వంటగదిలోంచే అడిగేది: "ఇవాళ ఏం తొక్కొచ్చావే?"

ఈ ముక్కలన్నీ వదిలించుకోవాలన్న ఆలోచన ముక్కలమ్మకు మడుగు దగ్గర పుట్టింది.

ఊరి పొలిమేర దాటాక, కంకర క్వారీలకు అవతల, ఒక పెద్ద చిత్తడి నేల ఉంది. చుట్టూ రెల్లు, మధ్యలో నీళ్లు, ఒక పక్క పొదలు కమ్మిన చిన్న గుట్ట. చలికాలంలో అక్కడికి బాతులు గుంపులు గుంపులుగా వచ్చేవి. వన్యప్రాణి విభాగం వాళ్లు వాటిని వలలో పట్టి, కాలికి నంబరున్న చిన్న ఉంగరం వేసి వదిలేవాళ్లు. సాయానికి మనుషులు చాలక ఒక ఏడాది ముక్కలమ్మను పిలిచారు. తెల్లారుతుండగా ఆమె మోకాలి లోతు బురదలో నిలబడి, రెండు అరచేతుల మధ్య ఒక బాతును పట్టుకుంది. దాని గుండె వేళ్లకు తగులుతూ కొట్టుకుంది. ఉంగరం వేయడం అయ్యాక చేతులు తెరిస్తే నీళ్ల మీద నుంచి ఎగిరిపోయింది. చేతులకు బురద, మోకాళ్ల దాకా బురద, అయినా ఆవేళ ఇంటికి వెళ్లాక స్నానానికి తొందరపడలేదు.

ఆ మడుగు, ఆ గుట్ట క్వారీ యజమానివి. ఆయన్ని ఊళ్లో నవ్వులాయన అంటారు. మంచికీ నవ్వే, చెడ్డకీ నవ్వే. పలకరించినా నవ్వుతాడు, అప్పు ఎగ్గొట్టినవాడి ఇంటికి తాళం వేయించినా నవ్వుతాడు. ఆయనకు ఊళ్లో దుకాణాలు కట్టుకోవడానికి, కంకర నిల్వ చేసుకోవడానికి చోటు కావాలి. ప్రభుత్వానికి ఊళ్లో ముక్కలున్నాయి, కాని పచ్చదనం అనేది మచ్చుకైనా లేదు. ఆ ముక్కలన్నీ ఆయనకిచ్చి, మడుగునూ గుట్టనూ ఏకమొత్తంగా తీసుకుంటే? ఒక పక్క జనం నడవడానికి బాటలు, పిల్లలు ఆడుకోవడానికి పచ్చిక. రెండో పక్క పక్షులకు వదిలేసి, మనిషి కాలు పెట్టకుండా చూడటం. ఈ ముచ్చట పట్టుకుని ముక్కలమ్మ ఎక్కని గడప లేదు. అందరూ బాగుందన్నారు, ఎవరూ కదల్లేదు. చివరికి నవ్వులాయనే కదిలాడు. ఆయనే ఆమె ఆఫీసు డైరెక్టరు దగ్గరికి వెళ్లి, "మీ ముక్కలమ్మగారు చెప్పింది నాకు నచ్చిందండీ," అన్నాడు. అంతే, ఏళ్ల తరబడి మూలుగుతున్న పని పరుగు అందుకుంది. దాన్ని చూసి సంతోషపడిందే గాని, ఎందుకు పరుగెత్తుతోందని ముక్కలమ్మ ఆలోచించలేదు.

ఇవ్వాల్సిన ముక్కల్లో ఆమె ఒక్కదాన్ని మాత్రం చేర్చలేదు. అది పెద్దాస్పత్రి వెనక ఉన్న వాలు. ఊళ్లోని ప్రభుత్వ స్థలాలన్నిటిలో శుభ్రంగా ఉండేది అదొక్కటే. వార్డుల్లో పడకల మీదున్న రోగుల మనుషులు పగలంతా ఆ వాలు మీదే ఉండేవాళ్లు. పొదల మీద బట్టలు ఆరేసుకునేవాళ్లు, చెప్పులు తల కింద పెట్టుకుని కునుకు తీసేవాళ్లు, ఎవరి మనిషికి ఆపరేషన్ అయిందో ఎవరిది కాలేదో ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. ఉన్నంతకాలం వాళ్లే ఊడ్చుకునేవాళ్లు. తండ్రి పోకముందు ముక్కలమ్మ, ఆమె తల్లి కూడా అక్కడే ఒక దుప్పటి పరుచుకుని రోజులు గడిపారు.

మార్పిడి సంగతి తేల్చే కమిటీ మడుగును చూడటానికి వెళ్లిన రోజు వాతావరణం చల్లగా ఉంది. డైరెక్టరు, ఖజానా అధికారి, మునిసిపాలిటీ సభ్యుడొకాయన, ముక్కలమ్మ. వాళ్లు మడుగును చూసింది కారు దిగి ఎక్కేంతసేపే. తరవాత నవ్వులాయన వాళ్లను గట్టు మీద ఉన్న తన విడిదికి తీసుకెళ్లాడు. అద్దాల గది, పొడవాటి బల్ల, తెల్లటి గుడ్డ. వడ్డన మొదలైంది. ముక్కలమ్మకు పొద్దుటినుంచీ ఏమీ తినక ఆకలి దంచేస్తోంది. మాంసం మెత్తగా ఉంది. రెండు ముద్దలు తింది.

"ఇంత రుచి మా ఊరి కోళ్లకు రాదండీ," అన్నాడు ఖజానా అధికారి, ఎముకను చప్పరిస్తూ. "ఎక్కణ్నుంచి తెప్పించారు?"

"తెప్పించడం ఎందుకండీ?" నవ్వులాయన నవ్వుతూ అద్దంలోంచి మడుగు వైపు చెయ్యి చూపించాడు. "కిటికీ తెరిస్తే చాలు."

బల్ల చుట్టూ అందరూ గొల్లుమన్నారు. ముక్కలమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చేతులు కడుక్కుంటానని లేచి వెనక వైపుకు వెళ్లింది. వంటింటి తలుపు పక్కన ఈకలు కుప్పపోసి ఉన్నాయి. పక్కనే ఒక బొక్కెన. అందులో కోసేసిన కాళ్లు, తామర కాడల్లా, ఒకదానిమీద ఒకటి. ఈగలు ముసురుతున్నాయి. పైనున్న ఒక కాలికి ఉంగరం ఉంది.

ఆమె ఆ గోడకే చెయ్యి ఆనించి వాంతి చేసుకుంది. తిన్న రెండు ముద్దలూ పోయాక కూడా కడుపు ఊరుకోలేదు, లోపలున్న పేగులు కూడా బయటికి రావాలని పట్టుబట్టినట్టు దేవుతూనే ఉంది. కుళాయి కింద నోరు పుక్కిలించింది. ఎన్నిసార్లు పుక్కిలించినా నాలుక మీద ఆ రుచి పోలేదు. అసలు సంగతి ఏమిటంటే, అది తినేటప్పుడు బాగుంది. అదే ఆమెకు భరించరానంత అసహ్యంగా అనిపించింది.

తిరిగి వచ్చి కూర్చోకుండా నిలబడింది.

"కారం ఎక్కువైందా మేడమ్?" అన్నాడు నవ్వులాయన.

"ఇవి మేం కాలికి ఉంగరం వేసి వదిలిన పక్షులండీ."

"అవునా? పాపం!" ఆయన నవ్వు ఏమీ తగ్గలేదు. "మార్పిడి అయ్యాక ముట్టుకోనులెండి. ఇవాళ ఆఖరి భోజనం అనుకోండి."

"ఇవాళ్టికి అవి ఆయనవే కదమ్మా," అన్నాడు డైరెక్టరు, మూతి తుడుచుకుంటూ. "రేపు మనవి. కూర్చోండి, చల్లారిపోతుంది."

ఆమె కూర్చోలేదు. కారు దగ్గరికి వెళ్లి నిలబడింది. కాసేపటికి డైరెక్టరు పళ్లు కుట్టుకుంటూ వచ్చి, ఏదో చిన్న మాట మరిచిపోయినవాడిలా అన్నాడు: "అన్నట్టు, ఆస్పత్రి వెనక వాలు కూడా కలుపుతున్నాం."

"అదెలా కలుపుతారు సార్? అక్కడ జనం ఉంటారు."

"ఆయన అడుగుతున్నది అదేనమ్మా. మిగతా చెత్తంతా ముద్దొచ్చి తీసుకుంటున్నాడనుకున్నారా? అక్కడ క్లినిక్కులు, మందుల దుకాణాలు కట్టుకుంటాడట. వాలు లేకపోతే మార్పిడి లేదు."

వెనకే వచ్చిన నవ్వులాయన అందుకున్నాడు. "నాకేం తొందర లేదు మేడమ్. క్వారీ దుమ్ము పొయ్యడానికి చోటు లేక చస్తున్నాను. మీరు వద్దంటే ఈ గుంట పూడ్చుకుంటాను. నేలా చదునవుతుంది, దోమలూ పోతాయి."

ఆ తరవాతి వారాలు ముక్కలమ్మ ఆఫీసులో తగువులాడుతూనే ఉంది. వాలుకు బదులు ఇంకో మూడు ముక్కలు ఇస్తామంది. నవ్వులాయన నవ్వాడు. కావాలంటే రైల్వే పక్క స్థలం ఇప్పిస్తానంది. డైరెక్టరు ఆవలించాడు. ఇంటికొచ్చి, అన్నం కలుపుతూ కలుపుతూ తల్లితో చెప్పుకునేది. "వాలు ఇచ్చేసేలా ఉన్నారమ్మా. ఇవ్వకపోతే మడుగు పోతుంది, ఇస్తే ఆ మనుషులు రోడ్డున పడతారు. నాకు పాలుపోవడం లేదు." తల్లి నిట్టూర్చేది. నాన్న వార్డు కిటికీలోంచి ఆ వాలు మీది నిమ్మచెట్టు నీడను చూసి, "అక్కడ పడుకుంటే చాలు, నాకు నయమైపోను" అన్న మాట గుర్తుచేసేది. ముక్కలమ్మకు ఆ కాస్తే ఊరట.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో కొత్త కుర్చీ ఉంది. తోలుతో చేసినది, వెనక్కి వాలితే కాళ్ల కింద పీట దానంతటదే లేచేది. అందులో తల్లి మహారాణిలా కూర్చుని ఉంది. పక్కన తమ్ముడు నిలబడి మీట ఎలా నొక్కాలో చూపిస్తున్నాడు. తమ్ముడు స్థలాలు కొని అమ్మే వ్యాపారం చేస్తాడు. పండో ఫలమో కూడా లేకుండా వచ్చి, తిని, పోయేవాడు. వాడు ఇంత బరువైన కుర్చీ మోయించుకొచ్చాడంటే ఆమెకు మొదట నవ్వొచ్చింది.

"ఏంట్రా, అమ్మ మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టింది?"

"అంతా నీ చలవే అక్కా!" అని వాడు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ నోరు చల్లగా ఉండ! ఆస్పత్రి వాలు పక్కన పాత లాడ్జీ ఉంది చూడు, కూలిపోతున్నట్టుండేది. కొనేశాను. వాలు మీద క్లినిక్కులు లేచాయంటే నా లాడ్జీ బంగారమే. ఆ వాలు పోతుందని ఊళ్లో ఒక్క నరమానవుడికి తెలియదు. నాకు తెలుసు!"

"నీకెలా తెలుసు?" అంది ముక్కలమ్మ. కాని అప్పటికే ఆమె తల్లి వైపు చూస్తోంది.

తల్లి కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది. కాళ్ల కింద పీట ఇంకా లేచే ఉండడంతో కిందికి దిగలేకపోయింది. "నువ్వు అంత బాధపడుతుంటే చూడలేక వాడికి చెప్పానే. వాడైనా ఏదో ఒకటి చేస్తాడేమోనని."

"చేశాడుగా."

"అదేం మాటే? వాడేమన్నా పరాయివాడా? ఎవడో ఒకడు కొనుక్కునేదే కదా. మనవాడు కొనుక్కుంటే తప్పా?"

ముక్కలమ్మకు విడిది వెనక బొక్కెన కళ్లముందు మెదిలింది. తను అన్నం ముందు కూర్చుని కక్కుకున్న దుఃఖాన్ని వీళ్లు ఏరుకుని, కడుక్కుని, అమ్ముకున్నారు. తమ్ముడి చేతుల్లోంచి తన చేతులు లాక్కుంది. అవి తడిగా ఉన్నట్టు అనిపించి, బట్టలకు తుడుచుకుంది. వాడు అది చూశాడు.

"ఎందుకక్కా అలా చూస్తావ్? నీకూ వాటా ఇస్తాను. నువ్వు అడగవని తెలిసి నేనే అనుకున్నాను."

"బయటికి పో," అంది ఆమె.

మర్నాడు డైరెక్టరు గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తమ్ముడు వాలు పక్కన లాడ్జీ కొన్నాడని, కబురు తన నోటి నుంచే పోయిందని, ఇక ఈ పనిలో తను ఉండకూడదని. తలుపు వైపు చూసి డైరెక్టరు గొంతు తగ్గించాడు. కోపం వస్తుందనుకుంది. వచ్చింది చనువు.

"ఓస్ ఇంతేనా! కూర్చోండమ్మా. మీ తమ్ముడు మంచి చురుకైనవాడే. మా బావమరిది వాలుకు ఎదురుగా ఉన్న మందుల కొట్టు మాట్లాడుకున్నాడు. ఇన్నాళ్లూ మీరు మడి కట్టుకుని కూర్చుంటారేమోనని నేను భయపడి చచ్చాను. ఇప్పుడు మనమంతా ఒక ఇంటివాళ్లమే." టీ తెప్పించాడు. తన చేతులతోనే కప్పు ఆమె ముందుకు జరిపాడు. "ఈ సంగతి బయటికి రాకపోతే అందరికీ మంచిది. మీ మడుగు మీకొస్తుంది."

ఆ టీ ఆమె తాగలేదు. తన ముందు ఆవిరి కక్కుతున్న కప్పును చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే భరించేది. ఈయన తనను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు, అదీ ఆమెకు కంపరం ఎత్తించింది.

ప్రజాభిప్రాయ సేకరణ మునిసిపాలిటీ హాల్లో జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు, కీచుమనే మైకు, పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాను. వేదిక మీద డైరెక్టరు, ఆయన పక్కన నవ్వులాయన. ముందువరుసలో తమ్ముడు కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు, అక్కను చూసి చెయ్యి ఊపాడు. జనం ఒక్కొక్కరే మైకు దగ్గరికి వచ్చారు. కాలువ గట్టు వాసన గురించి ఒకాయన, కుక్కల గురించి ఒకావిడ. ఆస్పత్రి వాలు నుంచి కూడా ఒక మనిషి వచ్చింది. భర్త వార్డులో ఉన్నాడట. మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియక, "మేం ఎక్కడ కూర్చోవాలండీ?" అని మాత్రం అడిగి, జవాబు కోసం నిలబడింది. డైరెక్టరు రాసుకుంటున్నట్టు పెన్ను కదిపి, "తరవాత ఎవరు?" అన్నాడు.

ముక్కలమ్మ లేచింది. ఆమె మాట్లాడే వరస కాదది. మైకు దగ్గరికి వెళ్లి, ఆవిణ్ని పక్కన అలాగే ఉండమని చెప్పి, మైకు తన నోటి దగ్గరికి లాక్కుంది.

"ఈ మార్పిడి ఆలోచన నాదే. ఇప్పటికీ మంచిదే అనుకుంటున్నాను. కాని ఆస్పత్రి వాలు ఇందులో ఉండకూడదు. అది చేరితే ఎవరికి లాభమో చెబుతాను. వాలు పక్కన లాడ్జీ కొన్నది నా సొంత తమ్ముడు. అడుగో, ముందువరుసలో ఉన్నాడు. వాడికి కబురు మా ఇంట్లోంచి, నా నోట్లోంచి పోయింది. ఎదురుగా మందుల కొట్టు ఎవరు కొంటున్నారో డైరెక్టరుగారిని అడగండి."

హాల్లో ఒక్కసారిగా తేనెతుట్టె కదిపినట్టయింది. వెనకవరుసలో పత్రికలవాళ్లు లేచి నిలబడ్డారు. డైరెక్టరు మొహం పాలిపోయింది. "ఆవిడ అలసిపోయారు, కూర్చోండమ్మా, కూర్చోండి" అంటూనే ఉన్నాడు. తమ్ముడు మాత్రం కదలకుండా అక్కవైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది, ఆమె ఇంత పని చేయగలదని ఏనాడూ అనుకోనట్టు. చిన్నప్పుడు వాడి చెవికి పుండు పడితే తనే కడిగి మందు వేసేది. ఆ చూపు అప్పుడు కూడా ఇలాగే ఉండేది. అయినా ఆమె మైకు వదల్లేదు.

ఆ దెబ్బతో వాలును జాబితాలోంచి తీసేశారు. తీయక గతిలేకపోయింది. మార్పిడి మొత్తం పోతుందనే అందరూ అనుకున్నారు. నవ్వులాయన కొన్నాళ్లు మెదలకుండా ఊరుకుని, ఒకరోజు నవ్వుకుంటూ వచ్చాడు. "సరే, వాలు మీరే ఉంచుకోండి. నా విడిది ఉన్న గట్టు నేను ఉంచుకుంటాను. మిగతా మడుగు, గుట్ట మీవి." సంతకాలు అయిపోయాయి. డిపో వెనక ముక్క, కాలువ పట్టీ, బడి స్థలం, పశువధశాల చెక్క, అన్నీ ఆయనకు పోయాయి.

ఇంట్లో మాత్రం చాలా త్వరగా తేలిపోయింది. తమ్ముడు తల్లిని తన ఇంటికి తీసుకుపోవడానికి మనుషులతో వచ్చాడు. కుర్చీ తలుపులోంచి నిలువుగా పట్టలేదు. పక్కకు వాల్చి, గోడ సున్నం గీసుకుంటూ బయటికి లాగారు. తల్లి గుమ్మంలో నిలబడి, "సొంత తమ్ముణ్ని నలుగురిలో అలా నిలబెట్టి బట్టలూడదీస్తావా?" అంది. "కొట్టినా తిట్టినా ఇంట్లో కొట్టుకోవాలి గాని."

"ఇంట్లో అన్న మాటే కదమ్మా ఊరెక్కింది," అంది ముక్కలమ్మ.

తల్లి మెట్లు దిగిపోయింది. కొనేవాడు లేక తమ్ముడి లాడ్జీ అలాగే పడివుంది. డైరెక్టరు బావమరిది కొట్టు బేరం మానుకున్నాడు. డైరెక్టరుకు ఏమీ కాలేదు, ఇంకా పెద్ద కుర్చీకి బదిలీ అయ్యాడు. ఆఫీసు కబురు బయటపెట్టినందుకు విచారణ ముక్కలమ్మ మీదే జరిగింది. తోటివాళ్లు కారిడార్లో ఆమె ఎదురైతే ఫోను చూసుకునేవాళ్లు. వెనక నుంచి, "తమ్ముణ్ని బలిచ్చింది, ఇంకెవర్ని బలివ్వదు?" అనుకోవడం ఆమె చెవిన పడింది. చివరికి శిక్షగా ఆమెను మడుగు సంరక్షణకు వేశారు. రేకుల షెడ్డు, ఒక పడవ, ఒక బైనాక్యులర్. దాన్ని శిక్ష అనుకున్నందుకు ఆమె లోలోపల సంతోషించింది.

మడుగు ఆమెదైంది. అంటే అందరిదీ అయింది. మొదటి ఆదివారం జనం విరగబడి వచ్చారు. పిల్లలు పచ్చిక మీద పొర్లారు, ముసలివాళ్లు బాట వెంట నడిచారు. సాయంత్రం వాళ్లు వెళ్లిపోయాక ముక్కలమ్మ ఒక్కతే సంచి పట్టుకుని సీసాలు, పొట్లాలు, ఎవరో రెల్లు వెనక దాచిపెట్టిన డైపరు ఏరింది. వేలికి ఏదో మెత్తగా తగిలినప్పుడు కళ్లు మూసుకుంది. చలికాలానికి బాతులు వచ్చాయి. నీళ్ల మీద అవి దిగుతున్న చప్పుడుకు ఆమె షెడ్డులోంచి బయటికి పరుగెత్తింది. కళ్లు చెమర్చాయి. కాని వాటిని చూసిన ప్రతిసారీ విడిదిలో తిన్న ఆ రెండు ముద్దలు నాలుక మీదికి వచ్చేవి. ఆమె మాంసం మానేసింది. రుచి మాత్రం పోలేదు.

నవ్వులాయన గట్టు ఎందుకు ఉంచుకున్నాడో ఆ తరవాత తెలిసింది. ఎదురుగా ఇక ఎవరూ ఏమీ కట్టలేని పచ్చటి మడుగు, అందులో పక్షులు. అలాంటి గట్టు ఊరంతా వెతికినా దొరకదు. విడిది చుట్టూ వరసగా గదులు లేచాయి, నీటివైపు చెక్క వసారా లేచింది. గదికి ఇంత అని ఊరంతా బోర్డులు పెట్టారు. బోర్డు మీద బాతు బొమ్మ. ఆయనకు భాగస్వామి ఎవరని విచారిస్తే, తమ్ముడు. లాడ్జీ తాకట్టు పెట్టి చేరాడట. ఆ కబురు తెచ్చిన కాపలాదారు ముందు ముక్కలమ్మ మొహం చిట్లించి, నేల మీద ఉమ్మేసి, తన పని తాను చూసుకుంది. తను కొట్లాడి కాపాడిన నీళ్లకు కిటికీలు పెట్టి వీళ్లే అమ్ముకుంటున్నారు. దాని మీద కేసు పెట్టడానికి ఏ చట్టమూ లేదు.

ఒక పొద్దున పక్షులను లెక్కపెడుతూ బైనాక్యులర్ తిప్పుతుంటే అద్దంలోకి తల్లి వచ్చింది. వసారాలో శాలువా కప్పుకుని ఒంటరిగా కూర్చుని ఉంది. చిక్కిపోయింది. నీళ్ల మీద ఈదుతున్న బాతులనే చూస్తోంది, పెదవులు కదులుతున్నాయి. ఎవరితో మాట్లాడుతోందో తెలియదు. ముక్కలమ్మ చాలాసేపు అలాగే చూసింది. ఇంతలో తమ్ముడు లోపలినుంచి ట్రే పట్టుకుని వచ్చాడు. బల్లమీదున్న అతిథుల ఎంగిలి కప్పులన్నీ ఒకదాంట్లో ఒకటి దోపి, అటూ ఇటూ చూసి, వసారా అంచు మీదినుంచి రెల్లులోకి విసిరేశాడు. ప్లాస్టిక్ కప్పులు. పక్కనున్న బాతులు రెక్కలు కొట్టుకుంటూ దూరం జరిగాయి.

ముక్కలమ్మ పడవ ఎక్కింది. తెడ్డు వేసిన ప్రతిసారీ ఒళ్లు మండిపోతోంది. వసారా కిందికి వచ్చి, పడవలోనే లేచి నిలబడింది. మునిసిపాలిటీ హాల్లో జరిగినదాని తరవాత వాడితో ఆమె మాట్లాడిన మొదటి మాట ఇది:

"దిగి తియ్యరా అవి."

తమ్ముడు వంగి చూశాడు. "అక్కా?" అన్నాడు. తరవాత మొహం గంటు పెట్టుకున్నాడు. "పనివాళ్లొచ్చి తీస్తారులే."

"పనివాళ్లు వెయ్యలేదు. నువ్వు వేశావు. నీళ్లు నీ గట్టు కాదు, నా హద్దు. దిగు."

"పొద్దున్నే ఈ గోలేంటి? అతిథులు నిద్రపోతున్నారు, మెల్లిగా..."

"లేపనా?"

వాడు తల్లి వైపు చూశాడు, ఎప్పటిలా తనవైపు మాట్లాడుతుందని. తల్లి కూతురి వైపు చూడలేదు. రెల్లులో తేలుతున్న కప్పుల్నే చూస్తూ, గొంతు పెద్దది చేయకుండా అంది: "తియ్యరా. ఛీ. చూడలేకపోతున్నాను."

వాడు మెట్లు దిగాడు. పాంటు పైకి మడిచాడు, బూట్లు మాత్రం విప్పలేదు. మొదటి అడుగుకే బురద చీలమండ దాకా మింగేసింది. "థూ" అంటూ కాలు లాగబోతే రెండోదీ దిగింది. రెల్లు పట్టుకుని తూలుతూ, వంగి, ఒక్కో కప్పే ఏరాడు. నీళ్లల్లోకి జారిపోయినదాన్ని చేయి చాపి అందుకోబోతే మోచేతి దాకా తడిసింది. ముక్కలమ్మ సాయం చేయలేదు. ఒక కప్పు దూరంగా రెల్లు మొదట్లో చిక్కుకుంది. వాడు చూడనట్టు వెనక్కి తిరగబోయాడు.

"అది," అంది.

అదీ తీశాడు.

తల్లి వసారా అంచుకు వచ్చి నిలబడింది. "టీ తాగి పోవే," అంది కూతురితో. "ఇప్పుడే పెట్టారు."

ముక్కలమ్మ తల ఎత్తి చూసింది. "వద్దమ్మా. నీకు చూడాలనిపిస్తే అవతలి గట్టుకు రా. షెడ్డు దగ్గర ఒక బెంచీ ఉంది," అంది. తల్లి అవతలి గట్టు వైపు చూసింది.

ముక్కలమ్మ తెడ్డు తీసుకుని పడవ వెనక్కి తిప్పింది. బురదలోంచి బూటు లాక్కుంటున్న తమ్ముడి తిట్లు కాసేపు వినిపించాయి. ఆమె పక్షుల లెక్క ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయింది. మొదటినుంచి మళ్లీ లెక్కపెట్టింది.